పక్క మంచం డైరెక్టర్ గారు

నేను సిడ్నీలో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఏడాది సంగతి ఇది. వెస్ట్‌మీడ్ దగ్గర ఒక ఆసుపత్రిలో, ఆపరేషనయ్యాక మళ్లీ నడిపించే రిహాబ్ వార్డులో నాకు ప్లేస్‌మెంట్ పడింది. ప్లేస్‌మెంట్ అంటే సూపర్‌వైజర్ కళ్లెదుట, అసలు రోగులతో చేసే శిక్షణ.

నా పేషెంట్ కాకినాడ వైపు నుంచి వచ్చిన సామ్యూల్ అంకుల్. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఎముక బాగానే అతుక్కుంటోంది, భయమే వదల్లేదు. సిట్ టు స్టాండ్, అంటే కుర్చీలోంచి సొంతంగా లేచి నిలబడటం, అది చేయగలిగితేనే ఇంటికి పంపుతారు. లేదంటే ముసలివాళ్లని ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్‌కే. శుక్రవారం డాక్టర్లు తేల్చేస్తారు.

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతా, నన్నొదిలెయ్. మళ్లీ పడ్డానంటే ఇంక అంతే," అనేవారు అంకుల్. వార్డు బయట ఆయన భార్య, ఆంటీ, కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. "పెళ్లయిన దగ్గర్నుంచి నా చేతి వంట తప్ప ఎరగరమ్మా. అక్కడ ఒక్కరూ ఎలా ఉంటారు?"

పక్క మంచం మీద మోకాలి ఆపరేషనైన ఒక అమెరికన్ పెద్దాయన. హాలీవుడ్‌లో డైరెక్టర్! పేరు చెప్పకూడదు. యుద్ధం సినిమా తీశారు, పాటల సినిమా తీశారు, కౌబాయ్‌ల సినిమా, పొట్ట చెక్కలయ్యే కామెడీ... చిన్నప్పుడు నేను డబ్బింగ్‌లో చూసి జడుసుకుని జ్వరం తెచ్చుకున్న దెయ్యం సినిమా కూడా ఆయనదేనట. నోరెళ్లబెట్టాను. ఉండబట్టలేక అడిగేశాను.

"ఇన్ని రకాలు ఎలా తీశారు సర్?"

"ఇన్ని రకాలా? తీసిందంతా ఒక్కటేనమ్మా. ఈ మనిషి కుర్చీలోంచి ఎందుకు లేస్తాడు? అది తెలిస్తే ఏ సినిమా అయినా తీయొచ్చు. నువ్వు మీ అంకుల్‌కి ఎలా లేవాలో చెప్తున్నావ్. ఎందుకో చెప్పట్లేదు."

నాకు ఒళ్లు మండింది. "ఇంటికెళ్లడానికి! ఇంకెందుకు?"

"అది నీ కారణం. సాయంత్రం వాళ్లావిడ ప్రార్థన చేస్తున్నప్పుడు ఆయన కాళ్లు చూడు."

చూశాను. ఆంటీ కూర్చునే ప్రార్థన చేసి, చివర్లో "పరలోకమందున్న మా తండ్రీ" అంటూ పరలోక ప్రార్థన అందుకోగానే అంకుల్ పాదాలు వెనక్కి జరిగాయి. చేతులు కుర్చీని నొక్కాయి. మా చర్చిల్లో ఆ ప్రార్థనకి అందరం లేచి నిలబడతాం. "కూర్చోండి, పడిపోతారు!" అంటూ ఆంటీ కంగారుగా ఆయన భుజం పట్టుకున్నారు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషికి ఇది ఎలా కనిపించిందో!

మర్నాడు సూపర్‌వైజర్ అనుమతి తీసుకుని అంకుల్‌ని అడిగాను. "ఇవాళ పరలోక ప్రార్థనకి నిలబడదామా అంకుల్? నేను పక్కనే ఉంటా." ఆయన తలూపారు.

ఆ సాయంత్రం ఆంటీ నిలబడి పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. అంకుల్ ముందుకు వంగారు, ఆగిపోయారు. ఇంతలో పక్క మంచం కిర్రుమంది. డైరెక్టర్ గారు పళ్లు బిగబట్టి, ఆ కట్టు కాలితోనే లేచి నిలబడ్డారు. మా సూపర్‌వైజర్ ఒక్క గెంతులో వెళ్లి ఆయన్ని పట్టుకుంది. అంకుల్ అటు చూశారు. పరాయి మనిషి నిలబడితే తాను కూర్చోవడమా! లేచారు. ఆమెన్ దాకా నిటారుగా నిలబడే ఉన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"అంత నొప్పితో మీరెందుకు లేచారు సర్?" అని తర్వాత అడిగాను.

"ఆ సీన్‌కి ఇంకో మనిషి కావాలనిపించింది," అన్నారు చెమట తుడుచుకుంటూ.

శుక్రవారం అంకుల్ ఇంటికి వెళ్లారు.

ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. కొత్త పేషెంట్ వస్తే నొప్పి ఎక్కడని తర్వాత అడుగుతాను. ముందు, "మీరు ఎవరి కోసం లేచి నిలబడతారు?" అంటాను. వాళ్లు ఆ పేరు చెప్పాకే నేను పని మొదలుపెడతాను.