ఉప్పు నీళ్లు పట్టింది నేనే

మా ఇంటి స్లాబు పెచ్చులూడటానికి కారణం మేస్త్రిగారు కాదు, నేను. నాలుగేళ్లుగా కనకాలపేటలో దీన్ని తిప్పి చెప్పాను. చెప్పింది బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాబట్టి అందరూ నమ్మారు.

మేస్త్రిగారి ఊరు అడవిపొలం. పన్నెండేళ్ల కిందట నేను ఇల్లు మొదలుపెట్టేటప్పటికే ఆయనకు యాభై దాటాయి. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి అన్నది చూసుకున్నాకే ఏ పనైనా చేసేవారు. పునాది మీద గోడ లేపే ముందు కాంక్రీటు పట్టీ వేసి దానికి తారు పూయించారు. నేల చెమ్మ గోడల్లోకి పాకకుండా ఉండటానికట. తర్వాత ఒకసారి గోదావరి పొంగి మా వీధిలో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. పక్కిళ్ల గోడలకు నడుం ఎత్తున చెమ్మ ఎక్కి సున్నం రాలింది. మా గోడల్లో చెమ్మ ఆ పట్టీ దగ్గరే ఆగిపోయింది.

సన్‌షేడు అడుగున ప్లాస్టరింగు పచ్చిగా ఉండగానే అంచు వెంబడి ఇనప చువ్వ అదిమి గాడి తీసేవారు. వాన నీరు ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది తప్ప గోడ మీదకు రాదు. డాబా మీద పిట్టగోడా స్లాబూ కలిసే మూలను సోడా సీసాతో రుద్ది గుండ్రంగా తేల్చేవారు. చివర్లో చెంబుడు నీళ్లు పోసి, అవి ఎక్కడా ఆగకుండా గొట్టం దాకా వెళ్తేనే పని అయినట్టు. ఒకచోట అరచేతంత మడుగు నిలిచిందని సగం రోజు పని చెక్కించి మళ్లీ చేయించారు. పోనీలెండి అన్నది నేను.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది ఆయన నాలుక. సముద్రం దగ్గర కదా, మా వైపు బోర్లలో ఉప్పు నీళ్లే. ఇసుక వచ్చినా నీళ్లు వచ్చినా కాస్త నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మేసేవారు. ఒకసారి ఇసుక లారీనే వెనక్కి పంపారు. మా ఆవిడ నవ్వి, "మేస్త్రిగారూ, మా పప్పులో ఉప్పు కూడా చూసిపెడతారా?" అంది.

"పప్పులో ఎక్కువైతే ఒక పూటతో పోద్దమ్మా. స్లాబులో పడితే ఇనుముని తినేస్తాది," అన్నారాయన.

స్లాబు పోశాక పైన మట్టితో మడులు కట్టి నీళ్లు నింపారు. రెండు వారాలు ఆరనివ్వకూడదు, ట్యాంకరులో వచ్చే గోదావరి నీళ్లే పట్టాలి, బోరు జోలికి పోకూడదని నాకు ఒప్పజెప్పి, బంధువుల పెళ్లికని పది రోజులు ఊరెళ్లారు. మూడో రోజు ట్యాంకరు రాలేదు. మే నెల ఎండకు మధ్యాహ్నానికల్లా మడులు బీటలు తీశాయి. ఆరబెట్టేశానని ఆయన కేకలేస్తారేమోనని భయపడి బోరు మోటారు వేశాను. ఆ ఒక్క పూటకే అనుకున్నాను. కానీ స్విచ్చి వేస్తే నీళ్లు వస్తుంటే, ట్యాంకరు వాడికి ఫోను చేయడమే మానేశాను.

ఆయన తిరిగొచ్చి నిండుగా ఉన్న మడులు చూసి, బాగా పట్టారు మాస్టారూ అని మెచ్చుకున్నారు. ఆ ఒక్కసారీ వేలు ముంచి చూడలేదు. నేనూ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట హాల్లో కప్పు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి. ఆయన్ని పిలిపించి, ఇరుగుపొరుగు చూస్తుండగా, సిమెంటు తగ్గించి పోసుంటారని అన్నాను. ఆయన బల్ల ఎక్కి, చువ్వ పక్కన తెల్లగా పొంగిన పొడి గోకి నాలుక మీద పెట్టుకున్నారు. నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన చువ్వలు తోమి, మందు పూసి, పెచ్చులు పూడ్చి వెళ్లిపోయారు.

ఆ ఏడే మెట్టకూరులో మా ప్రార్థన మందిరం డాబా కారుతోందని పెద్దలు మేస్త్రి గురించి అడిగితే, ఆయన్ని పెట్టుకోవద్దన్నది నేనే. పని ఇంకొకరికి వెళ్లింది. నా మాట పాకి ఆయనకు కొత్త ఇళ్లు రావడం తగ్గింది. స్లాబులు పోసిన మనిషి ప్రహరీలకు అతుకులు వేసుకుంటున్నారని విన్నాను.

ఈ వేసవిలో మందిరం మళ్లీ కారింది. పెద్దలు మళ్లీ మేస్త్రిని వెతుకుతున్నారని తెలిసి అడవిపొలం వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని జరిగింది ఒప్పుకున్నాను. తాపీని గోనెగుడ్డతో తుడుస్తూ విన్నారు.

"నాకెందుకండీ చెప్తారు? నాకు ఆవేళే తెలుసు. ఎక్కడన్నారో అక్కడ చెప్పండి."

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"మీ ఆవిడగారున్నారు, వీధిలోవాళ్లున్నారు. పిల్లలకి చదువు చెప్పే మనిషి మీరు," అని తాపీ పక్కన పెట్టి, "ఆ రోజు వేలు ముంచి చూడకపోడం నా తప్పేనండి," అన్నారు.

నా అబద్ధానికి నాలుగేళ్లు నష్టపోయిన మనిషి, అందులో తన తప్పెంతో కూడా లెక్కేసుకున్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి అంతా చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "మాస్టారూ, మీకు మీరు ఎన్ని మార్కులేసుకుంటారు?" అన్నాడు. కొందరు నవ్వారు. నేను కూర్చోలేదు. కనకాలపేట మనుషులు అక్కడ కొందరే ఉన్నారు కాబట్టి, మిగతావాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పెద్దలు ఆయనకే కబురు పంపారు. పాత పూత అంతా చెక్కించి, నీళ్లు పారే వాటం సరిచేసి, మూలలు మళ్లీ సోడా సీసాతో గుండ్రం చేసి, కొత్త పూత మీద మడులు కట్టారు. నీళ్లు ఎవరు పడతారని పెద్దలు అడిగితే ఆయన నా వైపు చెయ్యి చూపించారు.

బడికి సెలవులు. రోజూ పొద్దున్నే ట్యాంకరు పక్కన నిలబడి మడులు నింపుతున్నాను. ఆయన వస్తారు. ఒక్కో మడిలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేస్తారు. అప్పటిదాకా నేను గొట్టం పట్టుకుని ఆగుతాను.

"ఊఁ, కానీండి," అంటారు.