మూడో పాటలో గరగర

మా అన్నయ్య స్పీకర్లు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. బల్ల మీద స్పీకరు పెట్టి, కళ్ళు మూసుకుని నిమిషంపాటు విని, జబ్బేమిటో చెప్పేస్తాడు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని చెవిగారంటారు. షాపు ముందుగదిలో కూర్చుని, వచ్చిన స్పీకర్లకు చీటీలు అంటించేది నేను. ఆయన చెవి ఎంత మంచిదో మనసు అంత అనుమానపుది. ఎవరైనా "బాగుంది" అన్నారంటే, ఎందుకన్నారో కనుక్కునేదాకా నిద్రపోడు.

ఆయన కూతుర్ని చిన్నప్పుడు నోరు మూయదని గిలక్కాయ అనేవాళ్ళం. ఆ పిల్ల ఇద్దరు స్నేహితులతో కలిసి ఏడు పాటల ఆల్బం చేసి ఇంటర్నెట్లో పెట్టింది. రాక్ సంగీతమేనట గానీ, రాక్ వాళ్ళు కూడా ఇది మాదేనని ఒప్పుకునేలా లేదు. గిటారు పక్కన షట్టరు ఎత్తే మోత, డ్రమ్ముల బదులు వాషింగ్ మెషీను దడదడ. మూడో పాటలో అయితే తన గొంతును చిరిగిన స్పీకరులోంచి పంపి, ఆ గరగరను మళ్ళీ రికార్డు చేసింది.

"ఒక్కమాట నిజం చెప్పు నాన్నా. బాగుందా, లేదా?" అని అడిగింది.

"చూద్దాం" అన్నాడు అన్నయ్య.

ఆ చూద్దాం రెండు నెలలు సాగింది. తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు పలచబడి, చివరికి "తిన్నావా?", "తిన్నాను" దగ్గర ఆగిపోయాయి. పక్కన కూర్చుని అది చూస్తూ ఊరుకోలేకపోయాను.

అప్పుడే నేనో తెలివితక్కువ పని చేశాను. మా అన్నయ్య దగ్గర ఆ పాటల్ని కాస్త మెచ్చుకోమని పక్క సెలూన్ ఆయన్ని బతిమాలాను. ఆయన ఏకంగా ఆకాశానికెత్తేశాడు. అన్నయ్య ఓపిగ్గా అంతా విని, "మూడో పాటలో మీకేం నచ్చింది?" అని అడిగాడు.

"ఆ తబలా అండీ! అబ్బో!"

ఏడు పాటల్లో ఎక్కడా తబలా లేదు. సెలూన్ ఆయన షాపులో గిరాకీ ఉందంటూ లేచాడు. అన్నయ్య మెల్లగా నా వైపు తిరిగాడు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ చీటీలు సర్దుకున్నాను.

అది మొదలు, ఎవరు మెచ్చుకున్నా కుట్రే. స్పీకరు ఇవ్వడానికొచ్చిన ఒక వ్యాను డ్రైవరు ఫోనులో ఆ పాటే మోగితే, "మా అమ్మాయి నీకెలా తెలుసు?" అని పోలీసులా నిలదీశాడు. తెలీదు మొర్రో అన్నా నమ్మలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంటర్నెట్లో రాసిన మెచ్చుకోళ్ళు నేను చదివి వినిపిస్తే, "వీటిలో నువ్వు రాయించినవెన్ని?" అన్నాడు.

"ఒక్కటీ లేదన్నయ్యా!"

"కాకిపిల్ల కాకికి ముద్దు. ఊళ్ళోవాళ్ళకు ఎందుకు ముద్దొస్తుందే? నా చెవిలో పువ్వులు పెట్టకు."

ఒళ్ళు మండింది. కానీ ఆ అనుమానానికి నీళ్ళు పోసి పెంచింది నేనే కదా, ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? ఒకటి మాత్రం గమనించాను. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆయన వినేది ఆ ఆల్బమే. తప్పులు వెతుకుతున్నాడనుకున్నాను.

ఒక ఆదివారం చిన్న హాల్లో ఆ పాటలన్నీ పాడతామని పిల్ల చెప్పింది. మూడో పాట కోసం ఆ చిరిగిన స్పీకరును గుడ్డ కప్పి తన గదిలో పెట్టుకుంది. ముందురోజు, పిల్ల బయటికెళ్ళినప్పుడు, అన్నయ్య కంట అది పడింది. ఆ గరగర కావాలని పెట్టింది కాదు, మంచిది దొరక్క దీంతో నెట్టుకొస్తున్నారనుకున్నాడు. స్పీకర్లు బాగుచేసేవాడి కూతురు చిరిగిన స్పీకరుతో నలుగురిలోకీ వెళ్ళడమేమిటి? లోపల అదిరే కాగితపు గిన్నెలో అంగుళం మేర ఉన్న చిరుగుకు అతుకు వేసి, గమ్ము పూసి, ఆరబెట్టి, మళ్ళీ గుడ్డ కప్పి పెట్టేశాడు. అతుకు కనబడకపోవడమే ఆయన పనితనం. అప్పటికి నాకూ చెప్పలేదు.

హాలు తాళాలు ఆలస్యంగా వచ్చాయి. పిల్లలకు అన్నీ సరిచూసుకునే వ్యవధి లేకపోయింది. నలభై కుర్చీలూ నిండాయి. మేమిద్దరం చివరి వరసలో కూర్చున్నాం. మూడో పాటలో పిల్ల గొంతు స్పీకరులోంచి కడిగిన గ్లాసులా శుభ్రంగా వచ్చింది. పాడుతూ పాడుతూ పిల్ల ఆగిపోయింది.

ముందు వరసలోంచి ఒక తెల్లజుట్టావిడ లేచింది. "ఆ గరగర ఏదమ్మా? నేను దానికోసమే వచ్చాను."

"అవునండీ, అది లేకపోతే ఎలా?" అని వెనక నుంచి ఇంకో ఇద్దరు.

పిల్ల స్పీకరులోకి తొంగిచూసింది. చిరుగు లేదు. తర్వాత తలెత్తి సూటిగా చివరి వరస వైపు చూసింది. అంత కనబడని అతుకు వేయగలిగేది ఒక్కరే. ఆ చూపుకు నేనే తల దించుకున్నాను.

అన్నయ్య లేచి ముందుకు నడిచాడు. కూతురి దగ్గరికి కాదు, ఆ తెల్లజుట్టావిడ దగ్గరికి.

"మా అమ్మాయి మీకెలా తెలుసు?"

"తెలీదండీ. రోజూ బస్సులో వింటాను."

"ఆ గరగర ఎక్కడ మొదలవుతుంది?"

"రెండో చరణంలో, మెట్లు అనే మాట దగ్గర. గొంతు ఎక్కలేక ఆయాసపడినట్టు ఉంటుంది. మా అమ్మ చివరి రోజుల్లో అలాగే మాట్లాడేది."

 అన్నయ్య జేబులోంచి చిన్న బ్లేడు తీసి, స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తను అతికిన చోటే, తను అతికినంత మేరే, నెమ్మదిగా కోశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చేజేతులా పాడుచేసిన స్పీకరు అదొక్కటే. పిల్ల మళ్ళీ పాడింది. మెట్లు అన్న మాట దగ్గర గొంతు చీలి గరగరమంది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఇంటికి నడుస్తుంటే ముందు నన్నే పట్టుకున్నాడు. "ఆ తెల్లజుట్టావిణ్ణి నువ్వు పంపలేదు కదా?"

"ఒట్టన్నయ్యా."

"నీ ఒట్టు సంగతి నాకు తెలుసులే" అని, కూతురి వైపు తిరిగాడు. "బాగుందే."

పిల్ల ఠక్కున ఆగింది. ఆయన కూతురే కదా. "అత్త చెప్పమందా?"

అన్నయ్య దెబ్బతిన్నట్టు చూశాడు. తర్వాత, షాపులో చేసినట్టే, నడివీధిలో కళ్ళు మూసుకున్నాడు. మొదటి పాటలో షట్టరు రెండుసార్లు ఎత్తుతారు, రెండోసారి సగంలో ఆగుతుంది అన్నాడు. అయిదో పాటలో వాషింగ్ మెషీను చివర నువ్వు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది అన్నాడు. ఇలా ఏడు పాటలూ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

పిల్ల ఏడుస్తూ వింది.