బాగున్నానంటే ఒప్పుకోని ఎర్సీలియా

ఎర్సీలియా కానెపాకి లోకంలో ఒక్క మాటంటేనే పడదు. అది "బాగున్నాను" అన్న మాట. మీరు ఆవిడని మొహం మీదే తిట్టొచ్చు. ఆవిడ చేసిన పెస్టో పచ్చడిలో వెల్లుల్లి ఎక్కువైందని కూడా అనొచ్చు. జెనోవాలో ఈ రెండోది మొదటిదానికన్నా పెద్ద నేరం, అయినా ఆవిడ క్షమించేస్తుంది. కానీ మెట్ల దారిలో ఎదురుపడి "ఎలా ఉన్నావు?" అని అడిగినప్పుడు "బాగున్నానండీ" అన్నారో, మీ పని అయిపోయినట్టే.

"అబద్ధం!" అని అరిచి చేతికర్ర దారికి అడ్డంగా పెట్టేది. మా కొండపేటలో వీధులంటే మెట్లే. ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాడు గోడలోకి దూరాలి. అలాంటి చోట కర్ర అడ్డం పెడితే రాస్తా మూసేసినట్టే. నిజం చెప్పేదాకా తెరుచుకోదు. ఆ కర్ర నడవడానికి కాదని, మనుషుల్ని ఆపడానికేనని ఆవిడే చెప్పేది. అంత నిజాయితీగల మనిషి చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? నమ్మాం.

నేను ఆ పేటలో పళ్ల డాక్టర్ని. నా దగ్గరికొచ్చేవాళ్లందరూ నోరు తెరుస్తారు గాని మాట్లాడలేరు. అందుకే నాకు ఆ వృత్తి నచ్చింది. అలాంటి ప్రశాంత జీవితంలోకి ఒక పొద్దున్న ఆవిడ కర్ర వచ్చి అడ్డం పడింది.

"ఎలా ఉన్నావు డాక్టరూ?"

"బాగున్నానండీ."

"అబద్ధం!"

"సరే, ఫరవాలేదండీ."

"ఇది చిన్న అబద్ధం."

వెనక నుంచి కూరగాయల సంచులతో జనం పోగవుతున్నారు. ఇక తప్పలేదు. "నిన్న ఒక పేషెంటు నా వేలు కొరికాడండీ."

"కోపం వచ్చిందా?"

"రాదుటండీ మరి?"

"అతనితో అన్నావా?"

"లేదండీ. నవ్వి, ఫరవాలేదన్నాను."

"చూశావా! వచ్చేవారం ఇంకో వేలు కొరుకుతాడు," అంటూ కర్ర తీసింది. "మంగళవారం క్లాసుకి రా."

ఏం క్లాసు అంటారా? మనసులో మాట ధైర్యంగా చెప్పడం నేర్పే క్లాసు. ఇతర నగరాల్లో ఇలాంటి విద్యకి అద్దాల మేడలుంటాయి, నేర్పేవాళ్లకి తెల్లటి పలువరుసలుంటాయి. మాకు అంబులెన్సు షెడ్డు పైన కారుతున్న కప్పు కింద ఒక హాలూ, ఎర్సీలియా ఉన్నారు. ఆవిడ పద్ధతి కూడా మా ఊరిదే. మనిషి సణిగేటప్పుడు తప్ప నిజం మాట్లాడడని ఆవిడ సిద్ధాంతం. పూర్వం మా ఊరి నావికులకి ఓడ ఎక్కేముందు రెండు రకాల జీతాలు చూపించేవారట. నోరు మూసుకుని పనిచేస్తే ఎక్కువ, సణిగే హక్కు కావాలంటే తక్కువ. మావాళ్లు తక్కువ జీతమే తీసుకున్నారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. పైసా దగ్గర ప్రాణం పెట్టే జాతి ఒక్క సణుగుడు కోసమే జీతం వదులుకుందంటే, అది ఎంత విలువైనదో ఆలోచించుకోండి.

ఈ క్లాసుకి ముందు ఆవిడ నాటకశాలలో ప్రాంప్టరు. రంగస్థలం ముందంచున చిన్న గూడులో కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు అందిస్తూ సగం జీవితం గడిపింది. లోకాన్ని బూట్ల ఎత్తునుంచి చూసింది. "ఎంతమంది మహానుభావుల నోట్లో ఎంతమంది మాటలు పెట్టానో! ఒక్కడికీ సొంతమాట ఒక్కటి రాలేదు," అనేది. అందుకే క్లాసులో ఎవరైనా అరువుమాట వాడితే చాలు, "ఎవరిదది? ఎక్కడ తెచ్చుకున్నావు?" అని దొంగని పట్టుకున్నట్టు పట్టుకునేది.

మా నోటరీ దెల్ఫీనో గారు వాళ్లావిడ చేసే సూపు గురించి సణగాల్సి వచ్చి, "పైన పేర్కొన్న సూపు నందు ఉప్పు లేమి గమనించడమైనది" అన్నాడు.

"ఇంటికెళ్లి ఆవిడతో చెప్పు. ఇలా కాదు, మనిషిలా చెప్పు."

వెళ్లి చెప్పాడు. వాళ్లావిడ కూడా ఆయన పెట్టే కాఫీ గురించి మనిషిలా చెప్పింది. ఇప్పుడు సూపు ఆయన చేస్తాడు, కాఫీ ఆవిడ పెడుతుంది. ఇద్దరూ సుఖంగా ఉన్నారు, అంటే ఇద్దరూ సణుగుతూనే ఉన్నారు.

కుట్టుపని చేసే పల్మీరా ఒకసారి మెట్లమలుపు దగ్గర కాలు జారుతోందని సణిగింది. కొన్నాళ్లకి అక్కడ గోడకి, పట్టుకుని దిగడానికి ఇనప చేపట్టు వెలిసింది. చెవుడున్న పోస్టుమాన్ తలుపు కొడితే వినబడటం లేదన్నాడు, వాళ్లింటికి ఒక ఓడగంట వచ్చింది. మునిసిపాలిటీకి ఎట్టకేలకి బుద్ధొచ్చిందనుకున్నాను. పన్నులు కట్టేవాళ్లకి ఇలాంటి భ్రమలు అప్పుడప్పుడూ కలుగుతుంటాయి.

క్లాసుకి ఫీజు లేదు. బదులుగా కింద అంబులెన్సు సంఘానికి ఏదో ఒక సేవ చెయ్యాలి. బండి కడగడం, దుప్పట్లు ఉతకడం, విరాళాల కోసం కేకులు చెయ్యడం. మా అంబులెన్సు ఇటలీ మొత్తానికి తళతళలాడే అంబులెన్సు అయి ఉంటుంది. దాంట్లో ఎక్కి స్ట్రెచరు మోసేవాళ్లు మాత్రం లేరు. కడగడానికి నోటరీ ఉన్నాడు, పళ్ల డాక్టరున్నాడు. మొయ్యడానికి డ్రైవరు తుల్లియో ఉన్నాడు, నడుం వంగిన ముసలాయన ఒకడున్నాడు.

తుల్లియో బీరువా అంత మనిషి. గొంతు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసినట్టుండేది. పెళ్లీడు దాటిపోయినా ఏ పిల్లనీ కాఫీకి పిలవలేకపోయాడు. క్లాసులో ఆఖరి కుర్చీ వెనక నిలబడేవాడు. నెలల తరబడి ఎర్సీలియా "ఎలా ఉన్నావురా తుల్లియో?" అని అడగ్గా అడగ్గా, ఒకరోజు ఆవిడ మొహంకేసి చూసి మెల్లిగా, "బాగాలేనండీ. క్లచ్చు పట్టేస్తోంది," అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. వాడు భయపడి కిందికి పారిపోయాడు. అప్పటినుంచి ఆవిడతో మాత్రం మాట్లాడేవాడు. ఆవిడ మొహం కనిపిస్తేనే.

అప్పుడు వచ్చింది ముప్పు. నెలాఖరులోగా మోసేవాళ్లు చాలినంతమంది చేరకపోతే మా స్టేషను మూసేసి, బండిని కింద రేవు దగ్గరికి తరలిస్తామని ఆరోగ్యశాఖ చెప్పేసింది. రేవునుంచి మా కొండెక్కి వచ్చేలోగా రోగికి రెండు దారులుంటాయి. తనంతట తాను కోలుకోవడం, లేదా బచిగలూపో గారి ఖాతాదారు కావడం.

ఆత్తీలియో బచిగలూపో గారు మా అంబులెన్సు సంఘానికి అధ్యక్షుడు. ఆయనకి శవపేటికల వ్యాపారం. ఈ రెంటికీ ఎలాంటి సంబంధమూ లేదని అడక్కపోయినా చెబుతుండేవాడు. ఆయన వెంటనే ఆదివారం మధ్యాహ్నం చర్చి వారి నాటకశాలలో సభ పెట్టాడు. శనగపిండితో కాల్చిన ఫరినాతా ఉచితమని ప్రకటించాడు కాబట్టి జనం వస్తారన్న దిగులు లేదు. ఉచితమంటే మా ఊళ్లో మంచం పట్టినవాళ్లు కూడా లేచొస్తారు. ఉపన్యాసం తుల్లియో చెప్పాలన్నాడు. ఎందుకంటే పేటలో వాడంటే ఇష్టంలేనివాళ్లు లేరు. ఆ ఉపన్యాసం రాసింది మాత్రం బచిగలూపో గారే. "ఓ మానవతా దీపశిఖలారా!" అని మొదలవుతుంది. శవాల ముందు వాడి మిగిలిన సరుకేమో అనిపించింది నాకు.

"వీడు మరిచిపోతాడు. మీరు గూట్లో కూర్చుని అందించాలి సిన్యోరా," అన్నాడు ఎర్సీలియాతో.

క్లాసులో అందరి ముందే అన్నాడు. కర్ర లేస్తుందని అందరం ఎదురుచూశాం.

"సరే," అంది ఆవిడ.

నోటరీ గారికి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. నేనైతే తిన్నగా వెళ్లి అడిగేశాను. "ఇదేమిటండీ? మీరు ఇంకొకరి మాటలు అందించడమేమిటి?"

"పాత వృత్తి డాక్టరూ. మళ్లీ దాని మీదికి మనసు పోయింది."

ఆవిడ మాటే ఆవిడకి అప్పజెబుదామనుకున్నాను. కర్ర చూసి మానుకున్నాను.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఫరినాతా నములుతూ అందరూ సేవాభావంతో కూర్చున్నారు. తుల్లియో నారింజరంగు యూనిఫాంలో మైకు పట్టుకుని రంగస్థలం మీదికొచ్చాడు.

"ఓ మానవతా..." అన్నాడు. ఆగాడు.

ముందువరసలో బచిగలూపో గారు చేపలా పెదాలాడిస్తున్నాడు. తుల్లియో చెమట మైకు మీద పడుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. పాపం, వీణ్ణి ఇలా నిలబెట్టిన వాళ్లందర్నీ తన్నాలనిపించింది.

అప్పుడు గూట్లోంచి గుసగుస వినిపించింది. ముందువరసలో ఉన్నాను కాబట్టి నాకు స్పష్టంగా తెలిసింది. అందులో దీపశిఖ ఏదీ లేదు.

"ఎలా ఉన్నావురా తుల్లియో?"

వాడు కిందికి చూశాడు. "బా... బాగున్నానండీ."

"అబద్ధం!" ఇది మాత్రం హాలంతా వినబడింది.

తుల్లియో గూడు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో మైకుందన్న సంగతే మరిచిపోయాడు. "బాగాలేను సిన్యోరా."

"ఏమైందిరా?"

"స్ట్రెచరుకి నాలుగు పిడులుంటాయండీ."

"ఉంటాయి."

"నాకు రెండే చేతులు."

వెనకెవరో నవ్వారు. వాడికి వినబడలేదు. "మొన్న గడియారాల ఒరెస్తె తాత మెట్ల మీద పడ్డాడా. మా ముసలాయనకి ఆరోజు జ్వరం. నేనొక్కణ్ణే వెళ్లాను. ఇంటింటికీ తలుపు కొట్టానండీ. భోజనాల వేళ. లోపల పళ్లేల చప్పుళ్లు వినబడుతూనే ఉన్నాయి. కిటికీలోంచి 'అయ్యో పాపం, జాగ్రత్త నాయనా' అన్నారు. రొట్టెల కొట్టు జెల్సొమీనక్క ఒక్కతే పిండిచేతుల్తో పరిగెత్తుకొచ్చింది. తాత నా చెయ్యి పట్టుకుని, 'నాకేం తొందరలేదులేరా' అన్నాడు. ఆయనకి తొందర ఉందండీ. నాకు తెలీదా?"

అందరూ మూడోవరసకేసి తిరిగారు. కాలికి కట్టుతో కూర్చున్న ఒరెస్తె తాత నోట్లోది మింగి, "తొందరే! నేనూ అబద్ధమే ఆడాను!" అని అరిచాడు.

గూట్లోంచి మళ్లీ ప్రశ్న వచ్చింది. "కోపం వచ్చిందా?"

"వచ్చిందండీ."

"వాళ్లతో అన్నావా?"

"లేదండీ. నవ్వి, ఫరవాలేదన్నాను."

"ఇప్పుడను."

తుల్లియో తలెత్తాడు. చేతిలో మైకు చూసుకున్నాడు. చెవులు కూడా ఎర్రబడ్డాయి. కానీ ఈసారి పారిపోలేదు. మెల్లిగా లేచి నిలబడ్డాడు.

"మీ అందరి మీదా నాకు కోపంగా ఉంది," అన్నాడు. "మీలో ఎవరు పడిపోయినా నేను వస్తాను. ఒక్కణ్ణే వస్తాను. రెండు చేతుల్తో ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

నమలడం ఆగిపోయింది. బచిగలూపో గారు తన దీపశిఖల్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముందుగా నోటరీ లేచాడు. "నాకు నడుంనొప్పి. మంగళవారం వస్తా. అంతకుమించి అడిగితే మర్యాదగా ఉండదు."

"నేను మొయ్యలేను," అంది పల్మీరా. "ఫోను దగ్గర కూర్చుంటా. కుర్చీకి దిండు మీరే చూసుకోండి."

"మా ఆవిడ తిడుతుంది. అయినా రాసుకోండి," అన్నాడు ఇనపకొట్టు గావీనో.

వేలికి గాయమైందని సణుగుతూ నేనూ లేచాను. ఆఖరికి బచిగలూపో గారు కూడా గొంతు సవరించుకున్నాడు. "నా వ్యాపారానికి ఇది మంచిది కాదు. శుక్రవారం వేసుకోండి." ఒక్కరూ సంతోషంగా చేరలేదు. మా ఊళ్లో ఎవరైనా సంతోషంగా మాటిస్తే దాన్ని ఎవరూ నమ్మరు.

జనమంతా తుల్లియో చుట్టూ మూగారు. పల్మీరా చెల్లెలైతే వాణ్ణి కాఫీకి కూడా పిలిచింది. నేను మాత్రం ఎర్సీలియా కోసం వెతికాను. ఆవిడ ఇంకా గూట్లోనే కూర్చుని ఉంది.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నారు? పైకి రండి."

"నువ్వెళ్లు డాక్టరూ. కాసేపు కూర్చుంటా."

మొహం పాలిపోయి ఉంది. "ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"బాగున్నాను."

"అబద్ధం!"

అన్నది నేను కాదు. నా వెనకనుంచి తుల్లియో. అంత గొంతు వాడిలో ఉందని వాడికే తెలిసి ఉండదు. హాలు మొత్తం ఇటు తిరిగింది.

దొరికిపోయిన మనిషి ఇంకేం చేస్తుంది? ఒప్పుకుంది. చలికాలం నుంచి మోకాళ్లు పట్టేశాయి. కర్ర మనుషుల్ని ఆపడానికి కాదు, నడవడానికే. గూట్లో కూర్చోగానే కాళ్లు మొరాయించాయి. ఇప్పుడు లేవడం తన వల్ల కాదు.

"ముందే చెబితే మేం గూట్లో కూర్చోనిచ్చేవాళ్లం కాదుగా," అన్నాడు నోటరీ.

"అందుకేగా చెప్పలేదు! నా మొహం కనబడితే తప్ప వీడు నోరు విప్పడు. స్టేజీమీదున్నవాడికి నా మొహం కనబడాలంటే ఈ గూడు తప్ప ఇంకేముంది?" అని మామీదే విసుక్కుంది.

అలా మా కొత్త దళానికి మొదటి రోగి ఎర్సీలియా అయింది. తుల్లియో, నోటరీ, గావీనో, నేను నాలుగు పిడులూ పట్టుకుని మెట్లు దిగాం. ఆవిడ మహారాణిలా పడుకుని దారిపొడుగునా సణుగుతూనే ఉంది. మలుపు దగ్గర స్ట్రెచరు ఒరిగితే ఇనప చేపట్టు అందుకుంది.

"గట్టిగా పట్టుకోండి," అన్నాడు గావీనో ఒగరుస్తూ. "దీనికోసం నా కొట్టు ముందు కుర్చీ వేసుకుని ఎన్నాళ్లు సణిగారు! ఆ ఓడగంట కోసం ఇంకెన్నాళ్లు!"

"నోరుమూసుకుని మొయ్యరా," అంది ఎర్సీలియా. ఆవిడ ఒకరిని నోరుమూసుకోమనడం నేను వినడం అదే మొదటిసారి. మునిసిపాలిటీని మనసులో మెచ్చుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

పై కిటికీలోంచి జెల్సొమీనా తల బయటపెట్టి, "అయ్యయ్యో, ఎలా ఉన్నారు సిన్యోరా?" అంది.

"ఘోరం! వీళ్లకి మొయ్యడం రాదు. నువ్వెలా ఉన్నావు?"

"బాగున్నానండీ."

స్ట్రెచరు మీదనుంచి కర్ర బయటికొచ్చి గోడకి అడ్డంగా తగిలింది. "అబద్ధం!"

నలుగురం ఆగిపోయాం. జెల్సొమీనా తన బట్టీ పొగగొట్టం గురించి, అల్లుడి గురించి, అల్లుడి పొగ గురించి నిజం చెప్పడం మొదలుపెట్టింది. నా భుజాలు ఊడిపోతున్నాయి, కొరికిన వేలు సలుపుతోంది, నోటరీ చెమట నా చేతి మీద కారుతోంది. ఎర్సీలియా అంతా శ్రద్ధగా విని, పొగగొట్టం సంగతి చూడమని పడుకునే గావీనోకి పురమాయించి, తల నావైపు తిప్పింది.

"నువ్వెలా ఉన్నావు డాక్టరూ?"

"బాగున్నానండీ," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కర్ర లేవలేదు.