మార్త దిగేదాకా

చౌడయ్య పాడేవాడు కాదు, వాయించేవాడూ కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా పాటకచేరీల వెనక లారీలో తిరుగుతున్నవాడు. మంగళగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం ముందు కుదురుగా కూర్చోలేక, గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనకున్న సౌండు కంపెనీలో వైర్లు చుట్టే పనికి చేరాడు. ఇప్పుడాయనకి యాభై నాలుగు. కంపెనీ పంపే ప్రతి కార్యక్రమానికీ ఆయనే పెద్ద. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో, లైట్ల టవర్లు ఎక్కడ లేపాలో ఆయన మాటే ఆఖరు. ఆ మాట ఒకసారి తప్పయింది.

ఆయనతో విడవకుండా తిరిగేవాళ్లు ముగ్గురు. లారీ నడిపే పుల్లయ్య, బరువులెత్తి తాళ్లు కట్టే దుర్గాశంకర్, లైట్లు చూసుకునే మార్త. మార్తకి ముప్ఫై రెండు. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి తొమ్మిదేళ్ల కిందట చేరింది. పాతికడుగుల టవర్ మీద నిలబడి, ఫోన్లో కూతురికి ఎక్కాలు ఒప్పజెప్పించుకోగల మనిషి.

ఆ రోజు మే నెలలో ఒక శనివారం. కంకిపాడు దాటాక ఒక కల్యాణమండపం పక్క ఖాళీ స్థలంలో సాయంత్రం సంగీత విభావరి. పొద్దున టవర్లు లేపేటప్పుడు మార్త ఒక మూల నేలని చెప్పుతో నొక్కి చూసింది.

"బాబాయ్, ఇక్కడ మెత్తగా ఉంది. మండపం ట్యాంకు నీళ్లు ఇటే కారతన్నాయి. మేకు ఆగుద్దా?"

అప్పటికే పొద్దెక్కింది. కార్యక్రమం పెట్టించిన జానకిరామయ్య గారు, "నాలుగింటికల్లా సౌండ్ చెక్ అయిపోవాలండీ, గాయకులు బయల్దేరిపోయారు" అని వెనకాలే తిరుగుతున్నారు. టవర్ తాడు కట్టడానికి అక్కడ నేలలో దిగ్గొట్టిన ఇనప మేకుని చౌడయ్య కాలితో ఒక్క తాపు తన్ని చూశాడు.

"ఆగుద్దిలే అమ్మాయ్. పద."

మూడు దాటాక పడమట ఆకాశం నల్లబడింది. మార్త ఎడమ వైపు టవర్ మీద చివరి లైట్లు బిగిస్తోంది. పనిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి వాళ్లకి హెడ్‌సెట్లుంటాయి. చౌడయ్య అందులో, "దిగమ్మాయ్, గాలొచ్చేట్టుంది" అన్నాడు.

"ఒక్క నట్టు బాబాయ్."

ఆ నట్టు బిగిసేలోపే గాలి వచ్చిపడింది. కుర్చీలు దొర్లాయి. స్టేజి వెనక కట్టిన బ్యానరు చిరిగి ఎటో ఎగిరిపోయింది. టవర్‌ని నాలుగు వైపుల నుంచీ లాగి పట్టే తాళ్లలో పడమటి తాడు ఉన్నట్టుండి వదులైంది. దాని మేకు బురదలోంచి పన్నూడినట్టు ఊడొచ్చింది. టవర్ స్టేజి వైపు ఒరిగి, సగంలో ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలీలేదు.

దుర్గాశంకర్ పరిగెత్తి తాడు దొరకబుచ్చుకున్నాడు. మండపం మనుషులు నలుగురు అతని వెనక చేరి లాగి పట్టారు. చౌడయ్య జనరేటర్ ఆపించి, "పుల్లయ్యా, లారీ తే! తాడు లారీకి కట్టాలి" అని గొంతు చించుకున్నాడు. లారీ స్థలానికి ఆ చివరుంది. మధ్యలో అంతా కుర్చీలే.

"మార్తా, విను. నీ బెల్టుకి రెండు కొక్కేలున్నాయిగా. ఒకటి విప్పి కింది మెట్టుకి తగిలించు. అది పడ్డాక రెండోది. అట్టా దిగు."

మార్త రెండు చేతులా స్తంభాన్ని పట్టుకునే ఉంది.

"మార్తా!"

"చేతులు రావట్లా బాబాయ్. విప్పితే పడిపోతా."

ఎవరన్నా ఎక్కి దింపుదామంటే, ఇంకో మనిషి బరువుకి టవరే కూలుద్ది. పొద్దున చౌడయ్య తన్నిన మేకు పది గజాల దూరంలో బురదతో పడి ఉంది. భయం లేదని చెప్పాలి. కానీ ఆగుద్దిలే అన్నదీ ఈ నోరే. ఇప్పుడు ఏం కాదులే అంటే ఆ పిల్ల ఎట్లా నమ్ముతుంది? ఏం చెప్పాలో తోచక, నోటికొచ్చింది అనేశాడు.

"అమ్మాయ్, చల్లపల్లిలో పుల్లయ్య గురక గుర్తుందా?"

మార్త తల కొంచెం కిందకి తిరిగింది.

"నా మిక్సర్ బల్ల కింద పడుకున్నాడు చూడు. నేను నా మైకు ఆపడం మర్చిపోయా. స్టేజి మీద వీణ కచేరీ..."

"వీణ కాదు." గొంతు సన్నగా వచ్చింది. "వయొలిన్. ఊరు కూచిపూడి."

"కూచిపూడేనంటావా?"

"కూచిపూడే. ఆలాపన మధ్యలో స్పీకర్లన్నిట్లో గుర్రుమంది. ముందు వరసలో పెద్దాయన తంబురా అనుకుని తలూపాడు."

"తలూపి, శ్రుతి కాస్త తగ్గిందన్నాడు. సరే. ఎడం చేతి కొక్కెం విప్పు."

ఆమె ఎడమ చెయ్యి మెల్లగా నడుం దగ్గరికి పోయింది. తర్వాత ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. ఇంకోసారి. మార్త కాలు ఒక మెట్టు కిందకి దిగింది.

తాడు పట్టుకున్న దుర్గాశంకర్ పళ్ల బిగువున, "నన్ను బందర్లో వదిలేసొచ్చిన సంగతి కూడా చెప్పండి" అన్నాడు.

"వదల్లేదురా. వ్యాన్లో తలలు లెక్కపెట్టాం, సరిపోయాయి."

"సరిపోక?" మార్త పైనుంచి అందుకుంది. "సర్వీసు వ్యాననుకుని ఆ ఇన్సూరెన్స్ ఆయన ఎక్కేశాడుగా. గుడివాడలో మనతో పాటు స్పీకర్లు కూడా దింపాడు, పాపం."

"పాపమేంటి? భోజనం చేసి, పోతాపోతా నాకో పాలసీ అంటగట్టాడు. ఇంకో మెట్టు దిగు."

నాలుగు మెట్లు దిగింది. అప్పుడు రెండో విసురొచ్చింది. తాడు పట్టుకున్న ఐదుగురూ బురదలో రెండడుగులు ఈడ్చుకుపోయారు. దుర్గాశంకర్ అరచేతుల్లోంచి తాడు జారి, మళ్లీ పట్టు చిక్కింది. టవర్ కీచుమంది. మార్త స్తంభాన్ని కావలించుకుని కళ్లు మూసుకుంది. చౌడయ్య చూడలేకపోయాడు, అయినా చూపు తిప్పుకోలేదు.

కుర్చీలు పటపటా విరుగుతుంటే లారీ రివర్సులో వచ్చింది. బురదలో చక్రాలు కాసేపు ఊరికే తిరిగి, పట్టు దొరికి ఆగాయి. పుల్లయ్య దూకి, తాడు కొసని లారీ వెనక కడ్డీకి మూడు చుట్లు చుట్టి బిగించాడు. తాడు కర్రలా నిలబడింది. అప్పుడు చౌడయ్య వైపు తిరిగి ఇంతెత్తున లేచాడు.

"ఇన్ని కుర్చీలు తొక్కుకుంటా నేనొస్తంటే, ఇక్కడ నా గురక గురించా మీరు చెప్పుకునేది? మీ అరుపు లారీలోకి వినపడింది!"

మార్త నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. ఆమీదట ఆగకుండా పన్నెండు మెట్లు దిగింది. పాదం నేలకి ఆనగానే బెల్టు విప్పి పక్కన పడేసింది.

వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. గాలి తగ్గాక టవర్లు రెండూ దించేశారు. జానకిరామయ్య గారు గొడుగు పట్టుకుని వచ్చారు.

"ఏవండీ, టవర్లు లేకపోతే ఎట్లాగండీ? లైటింగ్ బ్రహ్మాండంగా ఉంటుందని అందరికీ చెప్పుకున్నాం."

"నేల మీద స్టాండ్లకే లైట్లు పెడతామండీ," అన్నాడు చౌడయ్య. "మళ్లీ మాత్రం లేపను."

మార్త ఒక స్పీకరు పెట్టె మీద కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఉంది. దుర్గాశంకర్ చేతులకి పుల్లయ్య గుడ్డ చుడుతున్నాడు. చౌడయ్య వాళ్ల ముందే నిలబడి చెప్పాడు.

"పొద్దున నువ్వు చెప్పావు. నేను వినలా. తప్పు నాదమ్మాయ్. కంపెనీ ఓనర్‌కి కూడా ఫోన్ చేసి ఇదే చెప్పాను."

పర్లేదులే బాబాయ్ అంటుందని అందరూ అనుకున్నారు. మార్త అనలేదు.

"నాకు కూతురుంది బాబాయ్," అంది.

చౌడయ్య తలొంచుకున్నాడు. ఆ సాయంత్రం కార్యక్రమం నడిచింది.

మార్త పది రోజులు రాలేదు. ఇక రాదనే చౌడయ్య అనుకున్నాడు. ఫోన్ చేసి పిలవడానికి మొహం చెల్లలేదు. పదకొండో రోజు ఆమే గోడౌన్‌కి వచ్చి, ఎవరినీ పలకరించకుండా కొక్కేలన్నీ కిందపోసి ఒక్కొక్కటీ లాగి చూడటం మొదలెట్టింది.

ఆ వారం ఉయ్యూరులో పని. లారీ ఆగగానే మార్త గునపం తీసుకుని స్థలమంతా నాలుగు మూలలా పొడిచి చూసింది. రెండు మూలలు బాలేదంది. అక్కడ కార్యక్రమం పెట్టించిన పెద్దమనిషి చౌడయ్యని పక్కకి పిలిచాడు.

"అంత భయమైతే ఎట్లాగండీ? మీరు పెద్దవారు, మీరొక మాట చెప్పండి."

చౌడయ్య చేతిలో వైరు చుట్టుకుంటూ, "అది నా మాట కాదండీ. ఆవిడ సరే అంటేనే టవర్ లేస్తుంది," అన్నాడు. "వెళ్లి ఆవిణ్ణి అడగండి."