వేషాల తారాదేవి

తారాదేవి తాతగారు కాకినాడ నుంచి ఓడెక్కి సింగపూర్ రేవులో పనికి వచ్చారు. ఆమె మాత్రం కుట్టుమిషన్‌ను నమ్ముకుంది. స్కూలు యూనిఫారాలు కుట్టింది, పిల్లల నాటకాలకు రాజుల కోట్లు కుట్టింది, చివరికి ఆ కోట్లనే అద్దెకివ్వడానికి తంజోంగ్ పగార్‌లో చిన్న కొట్టు పెట్టింది. తొంభైల చివర ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. ఏడాదికోసారి పెద్ద హోటల్లో ఉద్యోగులకు విందు, ఆ విందుకు వేషాలు. తారాదేవికి ఊపిరి సలపని పని.

ఆ ఏడు ఒక కంపెనీ తన విందుకు ‘డిస్‌గైజ్’ అని పేరు పెట్టింది. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. చోవా చూ కాంగ్‌లోని తారాదేవి వాళ్ళ ఫ్లాట్‌లో నిఖిల అనే అమ్మాయి ఒక గది అద్దెకు తీసుకుని, యూనివర్సిటీలో ఇంగ్లీషు మాటల చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. అన్నం వడ్డిస్తూ ఆ పిల్లనే అడిగింది.

“డిస్‌గైజ్ అంటే దొంగలు వేసేది కదమ్మా? నేనేదో దొంగలకి బట్టలిస్తున్నట్టుంది.”

“మొదట్లో అలా కాదు ఆంటీ. పాత ఫ్రెంచిలో ‘గైజ్’ అంటే తీరు. రోజూ ఉండే తీరు మార్చి వేరేగా ముస్తాబైతే డిస్‌గైజ్. కొత్త ఫ్యాషన్ బట్టలేసినా అదే మాట. మొహం దాచడం, మోసం చేయడం తర్వాత వచ్చి చేరాయి.”

“మన వేషం లాగే అన్నమాట. వేషభాషలంటే బట్టా మాటా, అంతేగా? మా అమ్మ ‘వేషాలెయ్యకే’ అందంటే మాత్రం వీపు విమానం మోతే!”

నిఖిలకు నవ్వుతో పొలమారింది.

విందు రోజు మధ్యాహ్నానికి కొట్టు ఊడ్చిపెట్టినట్టయింది. అప్పుడు వచ్చాడు భరద్వాజ్, ఆ కంపెనీలోనే ప్రోగ్రామర్.

“ఆంటీ, ఏదో ఒకటివ్వండి. మాస్కైనా పర్లేదు.”

“అన్నీ పోయాయి లా!” అని సింగపూర్ యాసలో అంటూ అతన్ని ఎగాదిగా చూసింది. మాసిన టీషర్టు, గుబురు గడ్డం, హవాయి చెప్పులు. “ఆఫీసుకి రోజూ ఇలాగే పోతావా?”

“వై టూ కే పని ఆంటీ, రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లన్నీ సరిచేయాలి. తల దువ్వుకోడానికే టైం లేదు.”

తారాదేవి కళ్ళు మెరిశాయి. అతన్ని పక్కనున్న మంగలి షాపుకి తరిమి, ఇంటికి ఫోన్ చేసింది. “ఏమండీ, మీ జరీ పంచె పట్టుకు రండి.”

రేవులో క్రేన్ నడిపి రిటైరైన భర్త జయరాం సణుక్కుంటూ రైల్లో వచ్చాడు. “తమ్ముడి పెళ్ళికి కట్టింది. దానిమీద కూర ఒలికితే?” అంటూనే కుచ్చిళ్ళు సరిచేసి కుర్రాడికి తనే కట్టాడు.

ఊడిన హుక్కులు కుట్టడానికి ఆ సాయంత్రం తారాదేవి కూడా హోటల్‌కి వెళ్ళింది. హాలు నిండా దయ్యాలు, రాజులు, సముద్రపు దొంగలు. నున్నటి గడ్డంతో, పంచె, కండువాతో భరద్వాజ్ నడిచి వచ్చాడు. పక్క సీట్లో పనిచేసేవాడే “సర్, మీది ఏ టేబుల్?” అని అడిగాడు. మేనేజరు ఎవరో పెద్ద అతిథి అనుకుని వంగి దండం పెట్టాడు. గుట్టు తెలిశాక హాలంతా ఘొల్లుమంది.

మంచి వేషానికిచ్చే బహుమతి దగ్గర మాత్రం జడ్జి అడ్డం తిరిగాడు. “మాస్క్ లేదు, మేకప్ లేదు. శుభ్రంగా తయారై వచ్చాడు, అంతే కదా!”

తారాదేవికి ఒళ్ళు మండింది. సూదిని పైటకు గుచ్చుకుని లేచింది. అంతమంది ముందు ఇంగ్లీషులో ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా నిఖిల చెప్పిందంతా తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేసి అడిగింది: “రోజూ చూసే మనిషి. ఇవాళ ఒక్కరైనా గుర్తుపట్టారా?”

మొదట చప్పట్లు కొట్టింది మేనేజరే. జడ్జి నవ్వేసి, బహుమతి బుట్ట తెచ్చి భరద్వాజ్ చేతిలో పెట్టాడు.

ఆ వారం పంచె తిరిగి ఇవ్వడానికి భరద్వాజ్ ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకొచ్చాడు. వాళ్ళకూ కట్టడం నేర్పాలట. జయరాం ముందు మరకల కోసం వెతికాడు. ఏమీ దొరకకపోయేసరికి గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. అప్పటినుంచి శనివారాల్లో కొట్టు వెనక గదిలో ఆయన శిష్యులు పంచెలు కాళ్ళకి అడ్డంపడి పడుతూ లేస్తూ ఉంటారు. తారాదేవి మిషన్ ఆపి, “ఇక చాలు, మకాన్‌కి పదండి, తిందాం!” అని కేకేస్తే, కట్టిన పంచెలతోనే అందరూ హాకర్ సెంటర్‌లోని తిండి కొట్లకి బయలుదేరతారు.