ఉత్తరానికి ఒరిగిన గది

మాస్టారు ఇక లేరని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను షాపులో ఎవరిదో ప్యాంటు అంచు మడిచి గుండుసూదులు పెడుతున్నాను. "అక్కా, నాన్న పొద్దున వెళ్ళిపోయారు" అంది. తరవాత తనే, "ఆ పట్టుగుడ్డ మీ దగ్గరే ఉంది కదా? రేపు తెస్తారా?" అని అడిగింది. తెస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే ఒక గుండుసూది నా వేలికే గుచ్చుకుని ఉంది.

మన సంఘంలో చాలామందికి ఆయన సండే స్కూల్ మాస్టారుగానే తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండులో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. కట్టబోయే భవనాలకి ప్లాన్లు గీసే పని. ఒక చిన్న ఊళ్ళో ఇరవై ఏళ్ళకి దగ్గరగా కాపురమున్నారు. భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆవిడ పోయి ఆ ఊరి గుడి పక్కనే మట్టిలో కలిశాక, కూతురి దగ్గరికి, అమెరికాలోని మన బాతెల్‌కి వచ్చేశారు. వచ్చేటప్పుడు తనతో తెచ్చుకున్నది ఆ గుడినేనని నాకు అనిపిస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి పల్లెటూరి చర్చి అది. దాన్ని ఆయన రాయి రాయీ ఎరుగుదురు.

ఆ గుడిలోలా తూర్పు ముఖంగానే ప్రార్థించే అలవాటు గనక, ఏ ఇంటికి పిలిచినా గుమ్మంలోనే అడిగేవారు, "తూర్పు ఎటమ్మా?" అని. చెప్పేదాకా కూర్చునేవారు కాదు. మనం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకునే హాల్లో మొదటిసారి పిల్లల్ని అదే అడిగారు. మా చిన్నది ఫోన్లో చూసి, "మాస్టార్ తాతా, ఈస్ట్ సైడ్ రెస్ట్‌రూమ్స్ ఉంది!" అని అరిచింది. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "అయితే ఇవాళ్టికి ప్రభువుని క్షమించమని అడుగుదాం. వచ్చే వారం మనమే ఒక గుడి కట్టుకుందాం" అన్నారు.

అన్నట్టే కట్టారు, కుర్చీలతో. నాలుగు మడతకుర్చీలు పడమటి గోపురం. దక్షిణాన రెండు కుర్చీలు వాకిలి. ఆ వాకిలి రాళ్ళ మీదే పెళ్ళిళ్ళలో మాట ఇచ్చుకునేవారట. లోపలికి రాగానే ఒక స్టూలు మీద నీళ్ళ గిన్నె, అది బాప్తిస్మపు రాతి తొట్టి. "గుమ్మం దగ్గరే ఎందుకు తాతా? ముందు పెట్టాలి కదా, అందరూ చూస్తారు" అని ఒక పిల్ల అంది. "లోపలికి రావడం అక్కడే మొదలవుతుంది గనక" అన్నారు మాస్టారు. ఉత్తరం పక్క స్తంభాలు గుండ్రంగా, బొద్దుగా ఉంటాయని బాగా తిన్న పిల్లల్ని అటు నిలబెట్టారు. దక్షిణం పక్కవి వందేళ్ళ తరవాత కట్టినవి, సన్నగా ఉంటాయని బక్కవాళ్ళని ఇటు నిలబెట్టారు. తల్లులు కొందరు మొహం ముడుచుకున్నారు గాని పిల్లలకి మాత్రం పండగే.

గోడలకి ఒకప్పుడు పరిశుద్ధుల బొమ్మలుండేవట. తరవాతి కాలంలో వాటి మీద సున్నం కొట్టేశారు. ఎన్నో తరాలు పోయాక ఒక వర్షాకాలం సున్నం పెచ్చు ఊడి, ఒక్క పాదం మాత్రం బయటపడిందట. "ఎవరి పాదమో ఎవరికీ తెలీదు. అయినా ఆ ఊళ్ళో ముసలావిడ ఒకావిడ ప్రతి ఆదివారం దాని కింద నిలబడి ప్రార్థన చేసుకునేది" అని మాస్టారు చెబుతుంటే, అల్లరి పిల్లలు కూడా గోడకేసి చూశారు.

ఆ కుర్చీల గుడిలో తూర్పు చివర ఇంకో గది ఉండేది. జనం కూర్చునే పెద్ద గది దాటాక, ఒక కమాను అవతల, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల ఉండే లోపలి గది. దానికి ఆయన రెండు వరసల కుర్చీలు వేసేవారు. అవి ఎప్పుడూ కొంచెం ఎడమకి, ఉత్తరం వైపుకి ఒరిగి ఉండేవి. నేను వెళ్ళి తిన్నగా జరిపేదాన్ని. ఆయన వచ్చి మళ్ళీ ఒరిగించేవారు. "ఉండనియ్యమ్మా" అని నవ్వేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెద్దాయన, కంటి చూపు తగ్గి ఉంటుందనుకున్నాను.

నేను పదో తరగతి చదివి కుట్టుపని నేర్చుకున్నదాన్ని. ఇక్కడికొచ్చాక కూడా అదే నాకు అన్నం పెడుతోంది. మా పనిలో ఒక అలవాటుంది. కస్టమర్ కొలత తప్పుగా ఇచ్చినా, భుజం ఒకటి దిగి ఉన్నా, వాళ్ళ మొహాన అనం. మాటాడకుండా సరిచేసి ఇస్తాం. వాళ్ళు అద్దంలో చూసుకుని సంతోషిస్తారు. ఇందులో పాపమేముందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

కిందటేడు చలికాలంలో మాస్టారి చేతులు వణకడం మొదలైంది. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా తొణికేది. చెవి మీద పెన్సిలు మాత్రం ఎప్పటిలాగే ఉండేది. చేతులకంటే ఆయనకి భయం మరుపు గురించి. డాక్టరు అది కూడా వస్తుందని చెప్పారట. ఒకరోజు నేను వెళ్ళినప్పుడు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. ప్రార్థనేమో అనుకుని ఆగాను. "వాకిలి, తొట్టి, ఉత్తరం పక్క మూసేసిన చిన్న తలుపు, మూడు గుండ్రటి స్తంభాలు..." రోజూ పొద్దున్నే ఆ గుడిలో ఒకసారి నడిచి వస్తానని చెప్పారు. "నడవగలిగినన్నాళ్ళూ నేను నేనే కదమ్మా" అన్నారు.

ఆ రోజే ఒక పట్టుచీర నా చేతిలో పెట్టారు. తెల్లటిది, వాళ్ళావిడ పెళ్ళిచీర. దాని మీద ఆ గుడి ప్లాను దారంతో కుట్టి ఇవ్వమన్నారు. "నేను పోయాక నా పెట్టె మీద కప్పడానికి. అక్కడికి నేను ఎలాగూ వెళ్ళలేను. ఆ కప్పు కిందే మా ఆవిడతో ఇరవై ఏళ్ళు ప్రార్థన చేశాను. ఆ గుడే నా మీదకి రావాలి." తను కొత్తగా గీసిన బొమ్మ ఇచ్చారు. "పాత కాగితాలు సామానుతో ఓడలో వచ్చేటప్పుడు తడిసి పోయాయి. ఇది నా తలలోంచి గీసింది. చూసి కుట్టు తల్లీ."

బొమ్మ ఇంటికి తెచ్చి విప్పితే ఏడుపొచ్చింది. గీతలన్నీ వణికి ఉన్నాయి. గోడలు అలల్లా ఉన్నాయి. నేను స్కేలు పెట్టి అన్నీ తిన్నగా గుడ్డ మీదకి దించాను. తూర్పు చివరి గది మొత్తం ఒక పక్కకి పోయి ఉంటే, అది కూడా చెయ్యి జారిందేనని తిన్నగా దించాను. పట్టులో తప్పు కుట్టకూడదని మాకు నేర్పేటప్పుడే చెబుతారు. నూలులో అయితే ఉతికితే సర్దుకుంటుంది. పట్టులో సూది పడిన చోటు మూసుకోదు. అందుకే ఒక్కొక్క కుట్టూ ఆలోచించి వేశాను. మూడు నెలలు పట్టింది. కుట్టినంతసేపూ ఆయన కోసం ప్రార్థించాను. ఆ ప్రార్థనలు నిజమైనవే. ఆ సంగతి ఇక్కడ రాయాలనిపించింది.

చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. చూపు బాగా తగ్గిపోయింది. గుడ్డ ఒళ్ళో పరిస్తే వేలితో నడిచారు. దక్షిణం వాకిలి దగ్గర మొదలుపెట్టి లోపలికి వచ్చారు. తొట్టి దగ్గర వేలు ఒకసారి గుండ్రంగా తిరిగింది. స్తంభాలు లెక్కపెట్టారు. కమాను దాటి లోపలి గదిలోకి వెళ్ళారు. అక్కడ వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఆగింది.

"ఇక్కడ... తూర్పు పక్క... నా బొమ్మలో ఇలాగే ఉందా అమ్మా?"

మీ చెయ్యి వణికింది, నేను సరిచేశాను అని ఆయన మొహం చూసి ఎలా చెప్పను?

"అలాగే ఉంది మాస్టారూ" అన్నాను.

"తిన్నగానే ఉందా?"

"తిన్నగానే ఉందండీ."

ఆయన గుడ్డ మీంచి వేలు తీసేశారు. "అయితే నేనే మరిచిపోయానన్నమాట" అన్నారు. తరవాత నా చెయ్యి తట్టి, "బాగా కుట్టావు తల్లీ" అన్నారు. అంచు ఇంకా కుట్టాలని గుడ్డ, దాంతో పాటు బొమ్మ, మా ఇంటికే తెచ్చేసుకున్నాను. పన్నెండు రోజులకి ఆయన వెళ్ళిపోయారు.

ఫోన్ వచ్చిన మర్నాడు గుడ్డ తీసుకుని వెళ్ళాను. ఇంట్లో చుట్టాలింకా దిగలేదు. వాళ్ళమ్మాయి భోజనాల బల్ల తుడిచి దాని మీద గుడ్డ పరిచింది. చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ చీర చెంగు ఎక్కడో గుర్తుపట్టి ముద్దు పెట్టుకుంది. తరవాత తూర్పు చివర చూసి తలెత్తింది.

"ఇది తిన్నగా ఉందేంటక్కా?"

బొమ్మ ఉన్న సంచీని దగ్గరికి లాక్కున్నాను.

ఆవిడే చెప్పింది. చిన్నప్పుడు శనివారాలు అమ్మా నాన్నా ఆ గుడి కొలిచేవారట. నాన్న పడమటి గోడ దగ్గర, అమ్మ తూర్పున ప్రభు బల్ల దగ్గర, మధ్యలో తాడు. తాడు నడిమధ్యన రాకుండా కమాను స్తంభానికి దగ్గరగా పోయిందట. "నువ్వు సరిగ్గా పట్టుకోలేదు" అని నాన్న అరిచాడట. "నేను సరిగ్గానే పట్టుకున్నా. నీ గుడే వంకరగా ఉంది" అని అమ్మ అందట. నాన్న నమ్మలేదు. "గుళ్ళోనే దెబ్బలాడుకున్నారక్కా. మూడు రోజులు మాటల్లేవు. నాలుగోరోజు నాన్న ఒక్కడే వెళ్ళి మళ్ళీ కొలిచి వచ్చి, వంటింట్లో అమ్మ ముందు నిలబడి సారీ చెప్పాడు. నాన్న సారీ చెప్పడం నేను చూసింది అదొక్కసారే."

గుడి నిజంగానే వంకర. సిలువ మీద ప్రభువు తల ఒక పక్కకి వాలింది గనక అలా కట్టారని ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవారట. మాస్టారు మాత్రం మేస్త్రీ తప్పు అనేవారట. పాత చిన్న గది పడగొట్టకుండా, ఆరాధన ఆగకుండా, దాని చుట్టూ కొత్తది కట్టుకొచ్చారు. మధ్యలో పాత గోడలు అడ్డం. ఈ చివర్నించి ఆ చివరికి తాడు లాగే వీలు లేదు. పాతది తీసేశాక చూసుకుంటే కొత్తది ఒరిగి ఉంది. "అయినా పడగొట్టలేదు. ఆ వంకరలోనే ఇన్ని వందల ఏళ్ళు మోకరించారు" అని నాన్న అనేవాడని చెప్పింది.

అప్పుడు నేను చెప్పాను, బొమ్మలో వంకర ఉందని, నేనే సరిచేశానని. ఆయన అడిగితే లేదన్నానని కూడా చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నాన్న రెండు మూడు రోజులు అదే మాట అక్కా. 'మీ అమ్మ కనిపెట్టింది నేను మరిచిపోయాను' అని. డ్రాయింగ్ చూద్దామంటే మీ దగ్గరుంది. ఆంటీకి ఫోన్ చేసి అడుగు తాతా అని మా బాబు కూడా అన్నాడు. వద్దన్నాడు నాన్న. 'ఆవిడ చూసి చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పదు' అన్నాడు."

ఇది చదువుతున్న మీలో చాలామంది నన్ను మంచిదాన్నని అంటారు. మెల్లగా మాట్లాడతానని, ఎవరినీ నొప్పించనని అంటారు. నొప్పించకూడదనే ఆ మాట అన్నాను. ఆయన రోజూ పొద్దున్నే నడిచే గుడిలో, తన భార్య నిలబడిన చోటు ఒక్కటీ నా మాటతో చెరిగిపోయింది. దేవుడు క్షమిస్తాడని పాస్టరుగారు అన్నారు. నమ్ముతున్నాను. కాని మాస్టారికి చెప్పుకోవలసింది మాస్టారికి చెప్పుకోలేకపోయాను.

సంచీలోంచి బొమ్మ తీసి గుడ్డ పక్కన పెట్టాను. అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాను. గోడలు వణికాయి, స్తంభాలు వణికాయి. ఆ వంకర గది గీతలు మాత్రం వణకలేదు. పెన్సిలు అక్కడ గట్టిగా నొక్కి, ఎన్నిసార్లో ఆగి ఆగి గీసినట్టు కాగితం గుంట పడి ఉంది.

"విప్పండక్కా" అంది ఆవిడ. "రేపటికి అవుతుందా?"

తూర్పు గది కుట్లన్నీ విప్పాను. కొత్త గీత కోసం పడమటి గోడ నించి ఒక దారం లాగాలి. నేను ఈ చివర పట్టుకున్నాను. ఆ చివర ఎవరో పట్టుకోవాలి. ఆవిడ బల్లకి అటువైపు వెళ్ళి, దారం కొస రెండు వేళ్ళతో పట్టుకుని వంగి నిలబడింది. దారం కమాను మధ్యలోంచి కాక, స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. ఇద్దరం చూశాం. సాయంత్రానికి గది ఉత్తరానికి ఒరిగింది.

సమాధి దగ్గర మీలో చాలామంది ఆ గుడ్డని చూశారు. పెట్టె దించే ముందు వాళ్ళమ్మాయి దాన్ని మడిచి తీసుకుంది. ఆయనతోనే పంపేయమని నేనన్నాను గాని, పిల్లలకి ఉండాలంది. ఇప్పుడది ప్రతి ఆదివారం మన హాల్లో, సండే స్కూల్ కిటికీకి వేలాడుతుంది. మబ్బున్నంతసేపూ అందులో ఒకటే గది కనిపిస్తుంది. ఎప్పుడైనా కాస్త ఎండ వస్తే, ఆ ఒరిగిన గది పక్కనే, సూది పడిన చిన్న చిన్న చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి, దారం లేని ఇంకో గది తిన్నగా నిలబడుతుంది.