మురుగమ్మ పెట్టని సంతకం

ఆ కాలనీలో నూట అరవై ఇళ్ళు. పొద్దున్నే ఫ్లష్ నొక్కాక ఆ నీళ్ళు ఎటు పోతాయని అడిగితే నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళే తప్ప జవాబు చెప్పేవాళ్ళు లేరు. తెలిసిందల్లా ఒక్క ఆడమనిషికే. వెనక గోడవారగా ఉన్న మురుగునీటి శుద్ధి ప్లాంటులో పదకొండేళ్ళుగా ఆపరేటరు. ఆ మహానుభావులు ఆమెకు పెట్టిన పేరు మురుగమ్మ. మురుగు వాళ్ళది, పేరు ఆమెది.

రోజూ పెద్ద తొట్టెలోంచి లీటరు నీళ్ళు గాజు జాడీలో పట్టి, అరగంట కదలకుండా ఉంచి, బురద ఏ గీత దాకా దిగిందో చూసి పుస్తకంలో రాసేది. తొట్టెలో మురికిని తినే పురుగులుంటాయి, కంటికి ఆననంత చిన్నవి. వాటికి గాలి పంపే మోటారు ఆగకూడదు. బాగా నడిచే తొట్టె కంపు కొట్టదు, తడిసిన మట్టి వాసన వేస్తుంది. ఈ ముక్క ఆమె ఎందరికో చెప్పింది. విన్నవాళ్ళు ముక్కు మూసుకునే విన్నారు.

కాలనీ సంఘం కార్యదర్శి తన పై అంతస్తుకు కొత్తగా బాల్కనీ కట్టించుకున్నాడు. అక్కడ కూర్చుంటే ప్లాంటు కనబడుతుంది. కనబడిన రోజు నుంచే ఆయనకు కంపు మొదలైంది. సమావేశం పెట్టి కరెంటు దండగన్నాడు, దోమలన్నాడు. తలూపడానికి మెదడు అక్కర్లేదు గనక అందరూ ఊపారు. మర్నాడే మోటారు ఆపి, మురుగును గొట్టంతో వెనక వాగులోకి తిప్పారు. వాగు పక్క వీధివాళ్ళు సంఘం సభ్యులు కారు; వాళ్ళకూ ముక్కులుంటాయని ఎవరికీ తోచలేదు.

ఆమెను మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు. ఎందుకో మూడు నెలలకు తెలిసింది. తనిఖీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. కార్యదర్శి ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పించి చివరి తొట్టె నింపించాడు. అందులో అరడజను రంగు చేపల్ని వదిలి, తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆమె చేతికి కొత్త యూనిఫాం ఇచ్చి, మూడు నెలల ఖాళీ పేజీలూ నింపి సంతకం పెట్టమన్నాడు.

ఇంట్లో ఆ మాట చెబితే ఆమె భర్త కుట్టుమిషను ఆపకుండానే, "పెట్టెయ్యి. నీ బాబు సొమ్మేం పోయింది?" అన్నాడు. ఆయన మాటకు విలువివ్వడం ఆమె ఏనాడో మానేసింది. అన్నం వడ్డించింది.

తనిఖీ రోజు అధికారి తొట్టెలోకి తొంగిచూసి చేపల్ని మెచ్చుకున్నాడు. పుస్తకం తెరిస్తే ఆ మూడు నెలల పేజీలూ తెల్లగా ఉన్నాయి. ఏమ్మా, రాయలేదేమని అడిగాడు.

"ప్లాంటు మూసి మూడు నెలలైంది సార్. ఈ నీళ్ళు నిన్న ట్యాంకర్లో వచ్చాయి. చేపలూ నిన్న కొన్నవే. మురుగంతా వాగులోకి పోతోంది. రండి, చూపిస్తా. గోడ దాటితే అదే."

అధికారి తన బూట్లకేసి చూసుకున్నాడు. అక్కడ బురదగా ఉంటుందేమోనన్నాడు. కార్యదర్శి నవ్వి, పాపం ఆమెకు ఈమధ్య ఒంట్లో బాగోలేదన్నాడు. ఇద్దరూ టీ తాగడానికి మేడ మీదికి వెళ్ళారు. ప్లాంటు భేషుగ్గా ఉందన్న కాగితం అక్కడే తయారైంది.

ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవాలంటే ఎదుటివాడు ఆ మాత్రం మనిషై ఉండాలి. యూనిఫాం మడిచి కుర్చీలో పెట్టి, తాళాలు దానిమీద ఉంచి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా పాల డెయిరీవాళ్ళ మురుగు శుద్ధి ప్లాంటులో పని దొరికింది.

వానలకు వాగు పొంగి గొట్టం పూడుకుపోయింది. మురుగు వెనక్కి తన్ని కింది అంతస్తుల స్నానాల గదుల్లోకి ఎగదన్నింది. కార్యదర్శి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని డెయిరీ గేటు దగ్గరికొచ్చాడు. ఎన్నడూ లేనిది "అమ్మా" అన్నాడు. రేపటికల్లా ప్లాంటు నడిపించాలన్నాడు.

"గాలి లేక పురుగులన్నీ చచ్చాయి సార్. మళ్ళీ పెంచాలంటే నెల పైనే పడుతుంది. ఎవరినన్నా పెట్టుకోండి, నేర్పుతా. నేను మాత్రం రాను."

ఎవరూ దొరకలేదు. మురుగు తోడే లారీ రోజు విడిచి రోజు వస్తోంది. ఆమె ఇప్పుడు డెయిరీలో షిఫ్టు ఇన్‌చార్జి.